బంగ్లాదేశ్‌లో ఎంబీబీఎస్: అక్కడివాళ్లు మన పిల్లల్ని ఎలా చూస్తారు?

ప్రశ్న: మా అమ్మాయి నీట్‌లో అర్హత సాధించింది గానీ ఇక్కడ కన్వీనర్ కోటాలో సీటు వచ్చే మార్కులు కావు. బి కేటగిరీ ఫీజు మా వల్ల కాదు. ఢాకా దగ్గర ఒక ప్రైవేటు మెడికల్ కాలేజీలో సీటు ఇప్పిస్తామని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. సిలబస్ మనలాంటిదే, రోగాలూ మనలాంటివే అని నచ్చజెప్పారు. చుట్టాలేమో "అక్కడ ఇండియావాళ్లంటే పడదట, 2024లో పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు కదా" అని భయపెడుతున్నారు. మేం హిందువులం. పిల్లకి బెంగాలీ ఒక్క ముక్క రాదు. అక్కడి క్లాస్‌మేట్లు, టీచర్లు, బయటి జనం మా అమ్మాయిని ఎలా చూస్తారు? పంపమంటారా, వద్దా? – ఒక తల్లి, నరసరావుపేట

జవాబు: మీ చుట్టాలు చెప్పింది అబద్ధం కాదు. ఇండియా మీద కోపం అక్కడ ఉంది, 2024 ఆగస్టు తర్వాత పెరిగింది కూడా. అయితే ఆ కోపం ఎక్కువగా వీధి ఊరేగింపుల్లో, ఫేస్‌బుక్‌లో కనిపిస్తుంది. మీ అమ్మాయి మీద రోజూ పడే చూపు వేరు. అది క్లాసులో, వార్డులో, హాస్టల్ మెస్‌లో ఉంటుంది. మొదటిదాన్ని మార్చడం ఆమె చేతిలో లేదు. రెండోదాన్ని ఆమె మొదటి ఏడాదిలోనే చాలావరకు మార్చుకోగలదు. పిల్లల్ని పంపేముందు తల్లిదండ్రులు ఈ రెంటినీ ఒకటిగా చూసి భయపడతారు, లేదా కన్సల్టెన్సీ మాట విని రెంటినీ కొట్టిపారేస్తారు.

ముందు ఆ కోపం సంగతి. ఇండియాతో తీస్తా నది నీళ్ల ఒప్పందం 2011లో చివరి నిమిషంలో ఆగిపోయింది, ఇప్పటికీ తేలలేదు. సరిహద్దు కంచె దగ్గర మన బీఎస్‌ఎఫ్ కాల్పుల్లో చనిపోయేవాళ్ల వార్తలు అక్కడ మొదటి పేజీలో వస్తాయి. 2011 జనవరిలో కంచెకు వేలాడుతూ కనిపించిన ఫెలానీ అనే పిల్ల ఫొటో తెలియని విద్యార్థి ఉండరు. మన ఎన్నికల సభల్లో "బంగ్లాదేశీ చొరబాటుదారులు" అనే మాటను వాళ్లు టీవీలో వింటూనే ఉంటారు. 2024 ఆగస్టు 5న అప్పటి ప్రధాని షేక్ హసీనా దేశం విడిచి ఢిల్లీ చేరడంతో, ఆమె పాలన మీద ఉన్న కోపంలో కొంత భాగం ఇండియా మీదకూ మళ్లింది. ఆ తర్వాత మన వీసా కేంద్రాలు పని బాగా తగ్గించేశాయి. ఈ చివరిది ఇంట్లోకి వచ్చిన బాధ. వేలూరు, చెన్నై, కోల్‌కతా, హైదరాబాద్ ఆస్పత్రులకు వైద్యానికి వచ్చే అలవాటు వాళ్లకు ఏళ్లుగా ఉంది. "నువ్వు మా దేశం వచ్చి చదువుకుంటున్నావు, మా నాన్న చెకప్‌కి వీసా రావడం లేదు" అని క్లాస్‌మేట్ అంటే అది రాజకీయం కాదు, నిజమైన కష్టం. దానికి వాదన పెట్టుకోకూడదు. విని, "కష్టమే" అంటే చాలు. వీసా ఇప్పిస్తానని మాట ఇవ్వడం, ఎవరికోసమో కాగితాల మీద సంతకం చేయడం మాత్రం అసలు వద్దు.

ఇంత ఉన్నా ఆ కోపం సాధారణంగా ఎదురుగా ఉన్న మనిషి మీదకు రాదు. రిక్షా అబ్బాయి, టీ కొట్టు మనిషి "ఇండియానా? కలకత్తానా?" అని అడుగుతారు. హైదరాబాద్ అంటే బిర్యానీ అంటారు. హిందీ డబ్బింగులో మన సినిమాలు బాగా చూస్తారు కాబట్టి మన హీరోల పేర్లు తెలుసు, కాకపోతే అన్నిటినీ "తమిళ సినిమా" అంటారు. పరదేశపు పిల్ల అని కిరాయి పది టాకాలు ఎక్కువ అడగడం, దారి చూపించడానికి నలుగురు పోగవడం రెండూ జరుగుతాయి.

ఇక తరగతి సంగతి. బంగ్లాదేశ్‌లో స్థానిక విద్యార్థి మెడికల్ సీటు కోసం దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష రాయాలి. వంద ప్రశ్నలు, పాస్ మార్కు 40. లక్షమందికి పైగా రాస్తారు, ప్రభుత్వ సీట్లు ఐదువేల పైచిలుకు మాత్రమే. వాటిలో రానివాళ్లు, వచ్చిన మార్కుతోనే ప్రైవేటు కాలేజీలో చేరతారు. విదేశీ విద్యార్థికి ఆ పరీక్ష లేదు, డాలర్లలో ఎక్కువ ఫీజు కట్టి చేరతాడు. మన బి కేటగిరీ సీట్ల గురించి ఇక్కడ కన్వీనర్ కోటా పిల్లలు ఏమనుకుంటారో, అక్కడ మన పిల్లల గురించి అదే అనుకుంటారు: డబ్బుతో వచ్చారు, చదవరు, వాళ్లలో వాళ్లే ఉంటారు, కాలేజీ వీళ్లని ఏమీ అనదు. ఎవరూ నోటితో అనరు. గ్రూపులో చేర్చుకోకపోవడంలో, నోట్సు అడిగితే ఆలస్యం చేయడంలో తెలుస్తుంది. ఈ అభిప్రాయానికీ 2024కీ సంబంధం లేదు. అంతకుముందూ ఉంది.

దీన్ని పెంచే మొదటి తప్పు ఆలస్యంగా చేరడం. మన మార్కులు అక్కడి లెక్కలో ఎంతకు సమానమో చెప్పే పత్రం అక్కడి వైద్యవిద్యా డైరెక్టరేట్ ఇవ్వాలి, ఆ తర్వాతే కాలేజీ అడ్మిషన్ లెటరు, వీసా. పదో తరగతి మెమో, ఇంటర్ రెండేళ్ల మార్కులు కలిపి ఉన్న మెమో, నీట్ స్కోర్‌కార్డు, పాస్‌పోర్టు, నాలుగింటిలోనూ పేరు, ఇంటిపేరు ఒకే తీరున లేకపోతే ఫైలు ఆగుతుంది. మన దగ్గర ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఇంకోచోట పూర్తిగా ఉంటుంది, చాలా ఫైళ్లు ఆగేది ఇక్కడే. అర్హతకు కావలసిన గ్రేడు పాయింట్లు ఏటా సర్క్యులర్‌లో చెబుతారు, ఆ ఏడాది సర్క్యులరే చూడండి. కాగితాలు ఆలస్యమైతే పిల్ల రెండు మూడు నెలలు ఆలస్యంగా క్లాసులో అడుగుపెడుతుంది. అప్పటికి స్థానికులు డజన్లకొద్దీ "ఐటమ్‌లు" పూర్తి చేసి ఉంటారు.

ఈ ఐటమ్ గురించి కన్సల్టెన్సీవాళ్లు చెప్పరు, కాబట్టి వివరంగా చెబుతాం. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీల్లో ప్రతి చిన్న భాగానికీ టీచరు బల్ల చుట్టూ కొద్దిమందిని కూర్చోబెట్టి నోటితో పరీక్ష పెడతారు. అదే ఐటమ్. పదికి ఆరు రావాలి. రాకపోతే "పెండింగ్". ఐటమ్‌లన్నీ అయితే కార్డ్ పరీక్ష, కార్డులైతే టర్మ్ పరీక్ష, ఆ తర్వాత యూనివర్సిటీ పెట్టే ప్రొఫ్ (ప్రొఫెషనల్ పరీక్ష). ఐదేళ్లలో ఇలాంటి ప్రొఫ్‌లు నాలుగు. పాస్ మార్కు 60 శాతం, అదీ రాతకు, నోటి పరీక్షకు, ప్రాక్టికల్‌కు విడివిడిగా. ఇంటర్లో 35 వస్తే పాస్ అనే లెక్కకు అలవాటుపడ్డ పిల్లలకు మొదట దెబ్బ తగిలేది ఇక్కడే. హాజరు 75 శాతం లేకపోతే ప్రొఫ్‌కు కూర్చోనివ్వరు. తప్పితే ఆరు నెలలు ఆగి సప్లీ రాయాలి, ఈలోపు బ్యాచ్ ముందుకు పోతుంది.

ఐటమ్ నలుగురి ముందు జరుగుతుంది కాబట్టి, మీ అమ్మాయికి ఎంత వచ్చో క్లాసంతా నేరుగా చూస్తుంది. పెండింగులు పేరుకున్న విదేశీ విద్యార్థిని చూస్తే "అనుకున్నదే" అంటారు. మొదటి కార్డ్‌లో ఐటమ్‌లన్నీ సమయానికి పూర్తిచేసిన పిల్ల పక్కకు వాళ్లంతట వాళ్లే వచ్చి కూర్చుంటారు. పరువు కొలిచే కొలబద్ద ఆ కాలేజీల్లో ఇదే. అందుకే చేరిన మొదటి నాలుగు నెలలు ఇంటికి రప్పించకండి. పండగకి, పెళ్లికి అని మధ్యలో పది రోజులు లాగితే పది ఐటమ్‌లు పోతాయి.

రెండో తప్పు గుంపుగా ఉండడం. మనవాళ్లు తక్కువమంది ఉంటారు, ఒకే ఫ్లాటు, ఒకే వంట, ఒకే బెంచీ. కాశ్మీరీ పిల్లలు అక్కడ ఎక్కువ, వాళ్లకు మతం కలుస్తుంది. బెంగాల్, త్రిపుర పిల్లలకు భాష కలుస్తుంది. తెలుగు పిల్లకు రెండూ కలవవు కాబట్టి ప్రయత్నం ఎక్కువ కావాలి. వంట కలిసి చేసుకోవచ్చు, తప్పులేదు. ఐటమ్ చదువు మాత్రం కనీసం ఒక్క స్థానిక అమ్మాయితో కలిసి చదవాలి. ఏ టీచరు ఏం అడుగుతారు, పరీక్ష ఏ రోజుకు మారింది అనే కబురంతా బ్యాచ్ మెసెంజర్ గ్రూపులో బంగ్లాలోనే, అంటే బెంగాలీలోనే తిరుగుతుంది. ఆ గ్రూపులో లేని పిల్లకు సగం సమాచారం అందదు.

భాష విషయంలో నిక్కచ్చిగా చెబుతున్నాం. పాఠం ఇంగ్లీషులో చెప్పాలని నియమం, చాలావరకు చెబుతారు కూడా, మధ్యలో బంగ్లా దొర్లుతుంది. కానీ మూడో ఏడు నుంచి వార్డులో రోగి మాట్లాడేది బంగ్లా ఒక్కటే. అది రాని విద్యార్థి రోగి చరిత్ర తీసుకోలేక వెనక నిలబడుతుంది, పక్కవాళ్లు రాసింది ఎక్కించుకుంటుంది. స్థానికుల దృష్టిలో పడిపోయేది అక్కడే, చదువు దెబ్బతినేదీ అక్కడే. తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు చేయడానికి రాయాల్సిన పరీక్షలో (ఎఫ్‌ఎంజీఈ) 300 ప్రశ్నలకు 150 సరిగా రావాలి, వార్డు ముఖం చూడని చదువుతో అది కష్టం.

హిందీతో నెట్టుకురావచ్చని కొందరు చెబుతారు. సీరియళ్ల పుణ్యమా అని చాలామందికి హిందీ అర్థమవుతుంది. అర్థమైనా, మనం అది ఆశించడం వాళ్లకు నచ్చదు. 1952 ఫిబ్రవరి 21న ఉర్దూ ఒక్కటే రాజభాష అన్నదానికి ఎదురునిలిచి ఢాకాలో విద్యార్థులు ప్రాణాలు ఇచ్చారు. కాల్పులు జరిగింది మెడికల్ కాలేజీ హాస్టల్ దగ్గరే. అదే ఏడాది డిసెంబరులో పొట్టి శ్రీరాములు ప్రాణం ఇచ్చిన భాషవాళ్లకు ఆ మనసు అర్థంకావడం కష్టం కాదు. ఏటా ఫిబ్రవరి 21న కాలేజీల్లో షహీద్ మినార్ (ఆ అమరుల స్మారకం) దగ్గర పూలు పెడతారు. మీ అమ్మాయిని వెళ్లమనండి.

బంగ్లా అక్షరమాల వరస మనదే: క ఖ గ ఘ. లిపి రోజుకు గంట చొప్పున మూడు నాలుగు వారాల్లో వస్తుంది, బయలుదేరక ముందే మొదలుపెట్టించండి. మొదటి ఏడాదిలో మాట్లాడే బంగ్లా, రెండో ఏడాదిలో వార్డు బంగ్లా అని పెట్టుకోవాలి. వార్డుకు యాభై మాటలతో మొదలుపెట్టొచ్చు: "ఆప్నార్ కీ షొమొశ్శా" (మీకేం ఇబ్బంది), "కొతొదిన్ ధొరే" (ఎన్నాళ్లుగా), "కొథాయ్ బేథా" (నొప్పి ఎక్కడ), జ్వరానికి జోర్, దగ్గుకు కాషి, వాంతికి బొమి, ఆయాసానికి షాష్‌కొష్టో, విరేచనాలకు పాత్లా పాయ్‌ఖానా. మన దగ్గరిలాగే అక్కడా వరసపెట్టి పిలుస్తారు. పెద్దాయనను చాచా, పెద్దావిడను ఖాలా, సీనియర్ అమ్మాయిని ఆపు, సీనియర్ అబ్బాయిని భాయ్ లేదా భైయా, రిక్షా, టీ కొట్టు, గేటు మనుషులను మామా. రోగినీ టీచర్నీ ఎప్పుడూ "ఆప్ని" అనాలి. సినిమాల్లో విన్న "తుమి", "తుయ్" వాడితే మొరటుతనం. సిల్హెట్, చిట్టగాంగ్ యాసలు ఢాకావాళ్లకే సరిగా అందవు, ఆ ఊళ్లలో సీటైతే కష్టం ఇంకొంచెం ఎక్కువ.

మతం గురించి మీరు అడిగారు. అక్కడి జనాభాలో హిందువులు సుమారు 8 శాతం. చాలా మెడికల్ కాలేజీల్లో సరస్వతీ పూజ చేస్తారు, దసరాకు సెలవు ఉంటుంది. హిందువు అని క్లాసులో వేరుగా కూర్చోబెట్టడంలాంటిది ఉండదు. దేశంలో గొడవలు జరిగిన రోజుల్లో మైనారిటీల ఇళ్ల మీద, గుళ్ల మీద దాడులు జరిగాయి, అదీ నిజమే. అలాంటి రోజుల్లో హాస్టల్ దాటకూడదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఎవరూ చెప్పరు: స్థానిక హిందూ క్లాస్‌మేట్‌తో స్నేహం సహజంగా కుదురుతుంది, కానీ ఆ పిల్లని "మీకు ఇక్కడ ఎలా ఉంది, ఇండియా వచ్చేయొచ్చుగా" అని నలుగురిలో అడగకూడదు. ఇండియా మనిషి అన్న ముద్ర ఆ కుటుంబానికి ప్రమాదం. మీ అమ్మాయి చదువు అయ్యాక వచ్చేస్తుంది, వాళ్లు అక్కడే బతకాలి. మన ముస్లిం పిల్లలకు వేరే ప్రశ్న ఎదురవుతుంది, "మీ దేశంలో మిమ్మల్ని ఎలా చూస్తారు" అని పదేపదే అడుగుతారు. తమ ఊళ్లో తమ బతుకు ఎలా ఉందో అంతవరకు చెప్పి ఊరుకోవడం మేలు.

మెస్‌లో గొడ్డుమాంసం మామూలు. "నేను తినను" అంటే ఎవరూ తప్పుపట్టరు, ముక్కు మూసుకుంటే మాత్రం బాధపడతారు. గరిటెలు, గిన్నెలు వేరుగా ఉంటాయా అని చేరకముందే అడగండి. రంజాన్ నెలలో క్యాంటీన్ పగలు మూసే ఉంటుంది. గదిలో తినొచ్చు, వరండాలో నీళ్ల సీసా ఎత్తకూడదు. ఇఫ్తార్‌కు పిలిస్తే తప్పకుండా వెళ్లాలి. శనగలు, మరమరాలు, పియాజు (ఉల్లి, పప్పు పకోడీ), వంకాయ బజ్జీ పెడతారు, శాకాహారికీ ఇబ్బంది లేదు. ఏడాదంతా పలకరించని క్లాస్‌మేట్లు ఆ బల్ల దగ్గర స్నేహితులవుతారు. దుస్తులు: సల్వార్ కమీజ్, ఓణీ. తల కప్పుకోవాలన్న చట్టం లేదు. వైట్ కోటును అక్కడ ఏప్రన్ అంటారు, అది లేకుండా ఐటమ్‌కు కూర్చోనివ్వరు.

మన పిల్లలు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఫోను వల్ల. బంగ్లాదేశ్ అంతా ఫేస్‌బుక్‌లో ఉంటుంది, కొత్త క్లాస్‌మేట్ ప్రొఫైలు మొదటి వారంలోనే వెతికి చూస్తారు. మూడేళ్ల కిందట క్రికెట్ గెలిచాక పెట్టిన వెటకారం, సరిహద్దు వార్త కింద రాసిన కామెంటు, అన్నీ దొరుకుతాయి. వెళ్లకముందే కూర్చుని తీసేయించండి. వెళ్లాక మురికి కాలువల రీళ్లు, "ఇక్కడ అన్నీ మనకంటే వెనక" అనే వీడియోలు, ఊరేగింపు వీడియోలు పెట్టకూడదు. ఇండియాతో మ్యాచ్ ఉన్న రోజు టీవీ గదికి దూరంగా ఉండాలి. 2015 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో నోబాల్ గొడవ ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెబుతారు. 1971 గురించి మాట్లాడాల్సివస్తే "ఇండియా–పాకిస్తాన్ యుద్ధం" అనకూడదు, వాళ్లకు అది ముక్తియుద్ధం. "మేమే మీకు స్వాతంత్ర్యం తెచ్చాం" అన్న ఒక్క మాటతో ఏడాది స్నేహం పోతుంది. మన సైన్యం చేసిన సాయాన్ని వాళ్లూ చెబుతారు, వాళ్ల నోట రానివ్వాలి.

గొడవలొస్తే ఏం చేయాలో ముందే తెలిసి ఉండాలి. 2024 జూలైలో రిజర్వేషన్ల ఉద్యమం అప్పుడు ఇంటర్నెట్ రోజుల తరబడి ఆగింది, కర్ఫ్యూ పెట్టారు. వేలమంది మన విద్యార్థులు భూసరిహద్దుల గుండా వచ్చారు. వాళ్లను సరిహద్దు దాకా క్షేమంగా చేర్చడానికి మన హైకమిషన్ సాయం చేసింది. కాబట్టి చేరిన వారంలోనే ఢాకా హైకమిషన్‌లో పేరు నమోదు చేయించాలి. చిట్టగాంగ్, రాజ్‌షాహీ, సిల్హెట్, ఖుల్నాల్లో సహాయ హైకమిషన్లు ఉన్నాయి. ఫోను నంబర్లు కాగితం మీద రాసి ఉంచుకోవాలి, నెట్ లేనప్పుడు ఫోనులోని యాప్ పనికిరాదు. ఢాకా నుంచి దగ్గరి దారి అఖౌరా మీదుగా అగర్తల. సిల్హెట్ నుంచి తమాబిల్–డౌకీ, ఖుల్నా వైపు నుంచి బెనాపోల్–పెట్రాపోల్. గదిలో వారానికి సరిపడా బియ్యం, పప్పు, మందులు, పదివేల టాకాల నగదు ఉండాలి. వీసా పొడిగింపు కోసమని కాలేజీ పాస్‌పోర్టు తీసుకుంటుంది, పని అయిన వెంటనే తిరిగి తీసుకోవాలి. గొడవల రోజుల్లో పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉండి కదలలేని పరిస్థితి రాకూడదు.

పంపాలా వద్దా అన్నదానికి మా అభిప్రాయం: బంగ్లా నేర్చుకుంటానని పిల్ల తనంతట తాను అంటే, కాలేజీ ఆస్పత్రిలో రోగులు ఉంటే పంపవచ్చు. రెంటిలో ఏది లేకపోయినా వద్దు. ఎందుకంటే తర్వాత మారడానికి దారి లేదు. 2021 నవంబరు నాటి మన జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, 12 నెలల ఇంటర్న్‌షిప్ ఒకే విదేశీ కాలేజీలో పూర్తిచేయాలి. ఇబ్బందిగా ఉందని రెండో ఏడాదిలో వేరే దేశానికి బదిలీ అయితే ఆ చదువు ఇక్కడ చెల్లదు.

రోగులున్నారో లేదో తెలుసుకోవడం తేలికే. అక్కడి చట్టం ప్రకారం ప్రైవేటు కాలేజీ ఆస్పత్రిలో విద్యార్థికి ఐదు పడకలు ఉండాలి, అంటే 50 సీట్లకు 250. వాటిలో 70 శాతం నిండి ఉండాలి. కాగితం మీద అందరికీ ఉంటాయి. మీరు అడగాల్సింది చదువుతున్న పిల్లల్ని. కన్సల్టెన్సీ ఇచ్చిన నంబర్లు కాకుండా, ఆ కాలేజీలో మూడో ఏడాది చదివే తెలుగు విద్యార్థి ఒకరిని, ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారిని ఒకరిని మీరే వెతికి పట్టుకోండి. మెడిసిన్ వార్డులో ఈ రోజు ఎంతమంది పడుకుని ఉన్నారు? ఐటమ్‌కు మీతో కూర్చునే స్థానికులు ఎవరు? మీ బ్యాచ్‌లో మొదటి ప్రొఫ్ తొలిసారే పాసైన ఇండియా పిల్లలు ఎందరు? 2024 జూలై, ఆగస్టుల్లో కాలేజీ ఏం చేసింది, గేటు దగ్గర ఎవరు ఉన్నారు? అమ్మాయిల హాస్టల్ గేటు ఎన్నింటికి వేస్తారు? ఈ ప్రశ్నలకు వాళ్లు తడుముకోకుండా జవాబు చెబితే అప్పుడు మొదటి వాయిదా కట్టండి. ఆ డబ్బు బ్యాంకు నుంచి నేరుగా కాలేజీ పేరున్న ఖాతాకు వెళ్లాలి, మధ్యవర్తి ఖాతాకు కాదు. ఐదేళ్ల ఫీజు ఒకేసారి కడితే తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి.